అంగడి వెనక బడి

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారికి చదువు చెప్పడం ఒకనాడు నేరం. చదువు రాకపోవడం మరొకనాడు ఓటుకు అనర్హత. ఈ రెండు శాసనాల మధ్య నూట యాభై ఏళ్లకు పైగా కాలం గడిచినా రెంటి ఉద్దేశమూ ఒక్కటే. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డాక, 1740లో అక్కడి వలసపాలకులు చేసిన చట్టం బానిసకు రాత నేర్పినవారికి జరిమానా విధించింది. 1834 నాటికి చదవడం నేర్పడం కూడా నేరాల జాబితాలోకి ఎక్కింది. అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయి, జాతినీ రంగునూ బట్టి ఓటుహక్కును నిరాకరించరాదని 1870 నాటి పదిహేనవ రాజ్యాంగ సవరణ ప్రకటించిన తరువాత, జాతి పేరెత్తకుండానే పాత పని సాగించుకునే ఉపాయాన్ని శ్వేతజాతి పాలకులు వెతుక్కున్నారు. దక్షిణ కరోలినా 1895లో రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం, ఓటరుగా నమోదు కాదలచినవారు రాజ్యాంగంలో అధికారి చూపిన భాగాన్ని చదివి, రాసి చూపాలి; లేదా కనీసం 300 డాలర్ల విలువగల ఆస్తికి పన్ను కట్టి ఉండాలి. పరీక్ష పెట్టే అధికారి తెల్లవాడు, ఏ భాగం చదివించాలో నిర్ణయించేది అతడే, చదివినది సరిగా ఉందో లేదో తేల్చేదీ అతడే. కాగితం మీద అందరికీ ఒకే నియమంగా కనిపించిన ఈ నిబంధన ఆచరణలో ఎవరి మీద పడిందో వేరే చెప్పనక్కర లేదు.

ఆ స్టోనో నదిని ఆనుకొనే ఉన్న జాన్స్ ద్వీపంలో 1957 జనవరి 7వ తేదీ రాత్రి మొదలైన ఒక చిన్న తరగతి, తరువాతి పదేళ్లలో దక్షిణ రాష్ట్రాలంతటా విస్తరించి 'పౌరసత్వ పాఠశాలలు' అనే ఉద్యమంగా పేరు పొందింది. విద్యాశాస్త్రంలో దీనిని అనియత విద్య అంటారు. ప్రభుత్వం నిర్ణయించిన పాఠ్యప్రణాళిక, పరీక్షలు, పట్టాలు, వయోనిబంధనలు ఉన్న బడిచదువు నియత విద్య కాగా, వీటికి వెలుపల, అయినా ఒక ఉద్దేశంతో, ఒక క్రమంతో, నేర్చుకునేవారి అవసరాన్ని బట్టి సాగే చదువు అనియత విద్య. ఇటువంటి చదువు ఏ మతబోధకూ లోబడనప్పుడు అది లౌకికం. అక్షరాలతో ఆగక, నేర్చుకున్నవారు తమ ఊరి వ్యవహారాలలో, ఎన్నికలలో, పాలకులను ప్రశ్నించడంలో పాలుపంచుకొనేటట్లు చేసినప్పుడు అది క్రియాశీల పౌరసత్వానికి శిక్షణ. పౌరహక్కుల ఉద్యమం అనగానే మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాలూ ఊరేగింపులూ గుర్తుకు రావడం సహజమే గాని, ఆ ఊరేగింపులలో నడిచిన అనేకులకు ఓటు దరఖాస్తు నింపడం నేర్పినవారి సంగతి మన పాఠకులకు అంతగా తెలియదు.

జాన్స్ ద్వీపం దక్షిణ కరోలినా తీరం వెంబడి ఉన్న 'సీ ఐలండ్స్' అనే ద్వీపాల వరసలోనిది. వరి, పత్తి పండించడానికి పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతివారే అప్పట్లో అక్కడి జనంలో అధికులు. ప్రధాన భూభాగానికి దూరంగా బతకడం వల్ల వారు గల్లా అనే మిశ్రభాషను, అనగా ఆఫ్రికా భాషల నుడికారమూ ఇంగ్లీషు పదజాలమూ కలిసిన పలుకుబడిని, నిలుపుకోగలిగారు. ఇంట్లో ఒక భాష, రాజ్యాంగంలో మరొక భాష. తమ మాట వింటేనే పట్నంవారు నవ్వుతారన్న బెరుకు, చదువు రాదన్న సిగ్గుకు తోడై, వారిని నమోదు కార్యాలయం గుమ్మం దాకా పోనివ్వలేదు. మాండలికం మాట్లాడినందుకు తరగతిలో నగుబాటు పాలైన తెలుగు పిల్లల అనుభవం ఎరిగిన పాఠకులకు ఈ బెరుకు ఎటువంటిదో వివరించవలసిన పని లేదు.

ఈ తరగతి వెనుక టెనెసీ రాష్ట్రపు కొండప్రాంతంలోని హైలాండర్ ఫోక్ స్కూలు అనే సంస్థ ఉంది. మైల్స్ హోర్టన్ (1905–1990) అనే యువకుడు మతశాస్త్రమూ సామాజికశాస్త్రమూ కొంతకొంత చదివి, రెంటిలోనూ తనకు కావలసినది దొరకక, డెన్మార్కులో రైతుల కోసం నడిచే జానపద ఉన్నత పాఠశాలలను చూసివచ్చి, 1932లో డాన్ వెస్ట్‌తో కలిసి మాంటీగిల్ దగ్గర దీనిని స్థాపించాడు. డెన్మార్కు పాఠశాలలలో అతనిని ఆకట్టుకున్నవి పరీక్షలు లేకపోవడం, గురుశిష్యులు ఒకేచోట కలిసి ఉండడం, పాటకు పాఠంతో సమానమైన చోటు ఉండడం. సమస్య ఎవరిదో పరిష్కారం వెతికే శక్తి కూడా వారిలోనే ఉంటుందని, బడి చేయవలసినది వారిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడమేనని హోర్టన్ నమ్మాడు. మొదటి ఇరవై ఏళ్లు గని కార్మికులకు, మిల్లు కార్మికులకు సంఘాలు కట్టుకోవడం నేర్పిన ఈ సంస్థ, 1950ల మొదట్లో జాతి సమానత్వం వైపు మళ్లింది. తెల్లవారూ నల్లవారూ ఒకే బల్ల దగ్గర తినడం, ఒకే ఇంట్లో పడుకోవడం అక్కడ మామూలు విషయం. ఇద్దరినీ ఒకే బడిలో చేర్చుకోవడాన్ని నిషేధించే 1901 నాటి చట్టం అప్పటికి టెనెసీలో అమలులోనే ఉంది. మన దేశంలో సహపంక్తి భోజనాలు ఎంత తిరుగుబాటుగా కనిపించాయో తెలిసినవారు ఆ భోజనపు బల్ల విలువను సులభంగానే అంచనా వేయగలరు. 1955 వేసవిలో అక్కడ రెండు వారాల శిబిరానికి వచ్చినవారిలో రోసా పార్క్స్ ఒకరు. అదే ఏడాది డిసెంబరు 1న మాంట్‌గొమరీ నగరంలో బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వడానికి నిరాకరించి అరెస్టయిన స్త్రీ ఆమే.

అయితే పౌరసత్వ పాఠశాలకు ప్రాణం పోసినది హోర్టన్ కాదు, సెప్టిమా పాయిన్‌సెట్ క్లార్క్. 1898లో చార్ల్‌స్టన్ నగరంలో, బానిసగా పుట్టిన తండ్రికి కూతురుగా జన్మించిన ఆమె 1916లో జాన్స్ ద్వీపంలోనే ఉపాధ్యాయినిగా చేరారు, ఎందుకంటే నగరపు ప్రభుత్వ పాఠశాలలలో నల్లజాతి ఉపాధ్యాయులకు అప్పుడు ప్రవేశం లేదు. 132 మంది పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులున్న బడి ఆమెది. ముగ్గురే పిల్లలున్న తెల్లవారి బడిలోని ఉపాధ్యాయురాలి జీతం ఆమె జీతానికి రెట్టింపు కన్నా ఎక్కువ. పగలు పిల్లలకు చదువు చెప్పి, రాత్రులు పెద్దవారికి అక్షరాలు దిద్దించే అలవాటు ఆమెకు అక్కడే మొదలయింది. నల్లజాతి ఉపాధ్యాయులకు నగరంలో ఉద్యోగాలు ఇవ్వాలన్న ఉద్యమంలో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించారు. 1945లో కొలంబియా నగరంలో సమాన వేతనాల కేసులో పాలుపంచుకున్నారు. 1956లో దక్షిణ కరోలినా ప్రభుత్వం, నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసే ఎన్.ఏ.ఏ.సి.పి. అనే జాతీయ సంఘంలో ప్రభుత్వోద్యోగులు సభ్యులుగా ఉండరాదని చట్టం చేసింది. సభ్యత్వాన్ని దాచుకోవడానికి గాని వదులుకోవడానికి గాని ఒప్పుకోని క్లార్క్, నలభై ఏళ్ల సర్వీసు చివర ఉద్యోగాన్నీ పింఛనునూ పోగొట్టుకున్నారు. ఆ చట్టాన్ని కలిసి ఎదిరిద్దామని ఆమె 726 మంది నల్లజాతి ఉపాధ్యాయులకు ఉత్తరాలు రాస్తే జవాబిచ్చినవారు 26 మంది. తన జీవితంలోని పెద్ద వైఫల్యాలలో ఇదొకటని ఆమె తరువాత చెప్పుకున్నారు గాని, జీతం మీద బతికేవారిని నమ్ముకుంటే ఉద్యమం నడవదన్న పాఠం ఆమెకు బహుశా ఆ 700 మౌనాల నుంచే దొరికింది. ఉద్యోగం పోయిన ఆమెను హైలాండర్ పిలిచి శిబిరాల నిర్వహణ అప్పగించింది.

ద్వీపం నుంచి కదిలిన మనిషి ఈసా జెంకిన్స్ (1910–1972). కొద్దిగా చదువుకొని, వ్యవసాయం, వ్యాపారం చేసి నిలదొక్కుకున్న ఆయన, చార్ల్‌స్టన్‌కు కూలికి పోయేవారిని తన బస్సులో తీసుకువెళ్తూ, దారిలోనే రాష్ట్ర రాజ్యాంగంలోని భాగాలను వారికి చదివి వినిపించేవారు. ఆ ప్రయాణికులలో ఆలిస్ వైన్ అనే స్త్రీ చదవడం రాకపోయినా విన్న భాగాన్ని కంఠస్థం చేసి పరీక్షలో నెగ్గినట్లు ఉద్యమ చరిత్రలో ప్రసిద్ధి. కానీ బట్టీపట్టిన చదువుతో ఒక మెట్టు ఎక్కవచ్చు గాని ఆ మెట్టు మీద నిలబడలేమని, తమకు నిజంగా చదవడం రావాలని ఆమె వంటివారే కోరారు. 1954లో హైలాండర్ శిబిరానికి వెళ్లిన జెంకిన్స్ అడిగిన సాయం ఇదొక్కటే: తన ద్వీపంలో పెద్దవాళ్లకు రాత్రిబడి.

ఇక్కడ హోర్టన్ చేసిన పని చెప్పుకోదగినది. బడి పెట్టడానికి తొందరపడకుండా, అంతకు ముందు ద్వీపంలో పెట్టిన వయోజన తరగతులు ఎందుకు ఖాళీ అయ్యాయో ఆరా తీశాడు. కారణం జనానికి ఆసక్తి లేకపోవడం కాదు. పగలంతా పొలంలో పనిచేసి వచ్చిన పెద్ద మనుషులను పిల్లల కుర్చీలలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చోబెట్టి, పిల్లల వాచకాలు చేతికిచ్చి, పిల్లలను అదలించినట్లు అదలించారు. వారు మర్యాదగా రావడం మానుకున్నారు. వయోజన విద్య ఎక్కడ విఫలమైనా మొదట నేర్చుకునేవారి మీద నింద వేసే అధికారులకు ఈ కుర్చీల సంగతి ఒకసారి వినిపించడం మంచిది.

అందుచేత కొత్త తరగతికి రెండు షరతులు ఏర్పడ్డాయి: అది బడిలా కనిపించకూడదు, చెప్పేవారు పంతులమ్మలా ఉండకూడదు. జెంకిన్స్ నెలకొల్పిన ప్రోగ్రెసివ్ క్లబ్ అనే సహకార సంఘం హైలాండర్ దగ్గర 1500 డాలర్ల అప్పు తీసుకొని ఒక పాత బడి భవనాన్ని కొన్నది. ముందు భాగంలో కిరాణా అంగడి తెరిచారు. వెనక భాగంలో తరగతి. అంగడి ఆదాయంతో అప్పు తీరుతుంది. అంతకన్నా ముఖ్యంగా, దారిన పోయే తెల్లవారికి అక్కడ సరుకుల బేరం తప్ప మరేమీ కనిపించదు. బోధించడానికి క్లార్క్ తన బంధువు బెర్నిస్ రాబిన్సన్‌ను ఎంచుకున్నారు. ఆమె చార్ల్‌స్టన్‌లో బ్యూటీ పార్లరు నడుపుతూ, కుట్టుపని కూడా చేస్తూ బతికేవారు. ఉపాధ్యాయ శిక్షణ ఏమీ లేదు, కాలేజీ డిగ్రీ లేదు. తాను పంతులమ్మను కానంటూ ఆమె మొదట ఒప్పుకోలేదు, కానీ ఆ పనికి ఆమెను అర్హురాలిని చేసినది సరిగ్గా అదే. పైగా ఆమె పార్లరుకు వచ్చేవారంతా నల్లజాతి స్త్రీలే కనుక, ఆమె కూడు తీయగల తెల్ల యజమాని ఎవరూ లేరు. ఉత్తరాలకు బదులివ్వని వందలాది ఉపాధ్యాయులకు లేని స్వేచ్ఛ ఇది.

మొదటి రాత్రి పద్నాలుగు మంది వచ్చారు, వారిలో స్త్రీలే ఎక్కువ. ఉపాధ్యాయులైన బంధువుల దగ్గర ప్రాథమిక పాఠశాల సామగ్రి అడిగి తెచ్చుకున్న రాబిన్సన్, వారి ముఖాలు చూడగానే అవి ఇక్కడ పనికిరావని గ్రహించి పక్కన పెట్టారు. తాను చెప్పడానికి రాలేదని, అందరమూ కలిసి నేర్చుకుందామని అన్నారు. తరువాత ఏమి నేర్చుకోవాలని ఉందో ఒక్కొక్కరినీ అడిగారు. జవాబులు ఏ పాఠ్యప్రణాళికా సంఘానికీ తట్టనివి. కొందరు తమ పేరు తాము రాసుకోవాలన్నారు. దూరదేశంలో ఉన్న పిల్లల ఉత్తరాలు ఇంకొకరిచేత చదివించుకోవలసిన అవసరం తప్పాలన్నారు ఇంకొందరు. బైబిలు చదవాలన్నవారున్నారు, మనీఆర్డరు ఫారం నింపాలన్నవారున్నారు, తపాలా ద్వారా సరుకులు తెప్పించుకునే సియర్స్ కంపెనీ ఆర్డరు కాగితం రాయాలన్నవారున్నారు. ఓటు ఈ కోరికలలో ఒకటి. ఆ కోరికల పట్టికే పాఠ్యప్రణాళిక అయింది.

వారానికి రెండు రాత్రులు, రెండేసి గంటలు, పొలం పని తక్కువగా ఉండే చలికాలం రెండు నెలలు తరగతి నడిచింది. అట్టముక్క మీద ఒక్కొక్కరి పేరూ పెద్ద అక్షరాలతో రాసి ఇస్తే, వారు ఆ గీతల మీదుగా పెన్సిలు మళ్లీ మళ్లీ నడిపి, చేయి కుదిరాక విడిగా రాసేవారు. మన పల్లెబడిలో పలక మీద దిద్దబెట్టినట్లే ఇదీ. ఎరువుల ధరల నుంచి, పెట్రోలు రసీదుల నుంచి లెక్కలు పుట్టాయి. ఓటు దరఖాస్తులోని కఠిన పదాలే పదకోశం: రాజ్యాంగం, నమోదు, నివాసం వంటి మాటలను ముందు పలికించి, తరువాత వాటి అర్థం చర్చించి, ఆపైన రాయించేవారు. గోడకు ఐక్యరాజ్యసమితి 1948లో ఆమోదించిన విశ్వమానవ హక్కుల ప్రకటనను అంటించారు. తరగతి ముగిసేనాటికి ప్రతివారూ దానిని చదవగలగాలన్నది రాబిన్సన్ లక్ష్యం. పరీక్షకు కావలసినది రాష్ట్ర రాజ్యాంగం కాగా, గోడ మీద ఉంచినది ప్రపంచ ప్రకటన. ఈ ఎంపిక కాకతాళీయం కాదు: చట్టం అడిగిన చదువు ఒక్కటే చెప్పి పంపితే ఆ చట్టం న్యాయమైనదేనని ఒప్పుకున్నట్లవుతుంది, కనుక దానిని కొలిచే కొలబద్దను కూడా వారి చేతికి ఇవ్వాలి. అరవై అయిదేళ్ల స్త్రీ ఒకరు నల్లబల్ల మీద రాసిన పేర్లలో తన పేరును గుర్తుపట్టి చూపినప్పటి ఉద్వేగాన్ని రాబిన్సన్ ఎన్నో ఏళ్ల తరువాత కూడా తలచుకునేవారు. తెలుగునాట వేలిముద్ర వేసేవారిని 'నిశానీ' అని చిన్నచూపు చూసిన రోజులు మరచిపోనివారికి ఆ ఉద్వేగం అర్థమవుతుంది. తరగతికి వచ్చినవారి సంఖ్య నెలలలోనే 37కు పెరిగింది. తొలి తరగతిలో చదివినవారిలో ఎక్కువమంది ఓటర్లుగా నమోదయ్యారు. పక్కనున్న వాడ్మలా, ఎడిస్టో ద్వీపాలవారు తమకూ బడి కావాలని కబురు పెట్టారు.

ఆ తరగతి మొదటి విడత ముగియబోతున్న రోజులలోనే, 1957 ఫిబ్రవరి, మార్చి నెలలలో భారతదేశంలో రెండవ సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. 1951 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అక్షరాస్యులు నూటికి పద్దెనిమిది మందే. అయినా అక్షరం రాదన్న కారణంతో ఓటు లేదని ఎవరినీ పంపించలేదు. అభ్యర్థికి ఒక పెట్టె, పెట్టె మీద ఒక గుర్తు, ఆ గుర్తు చూసి కాగితం వేస్తే సరిపోయేది. బ్రిటిషు పాలనలో ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలతో బిగించి ఉంచిన ఓటుహక్కును 1950 నాటి మన రాజ్యాంగం వయోజనులందరికీ ఒక్కసారిగా తెరిచింది. నిరక్షరాస్యులకు ఓటు ఎందుకని ఇప్పటికీ అక్కడక్కడా వినిపించే ప్రశ్నకు జాన్స్ ద్వీపమే జవాబు: చదువును ఓటుకు షరతుగా పెట్టినచోట, ఆ షరతు విజ్ఞతను కొలవలేదు, ఎవరిని బయట ఉంచాలో ముందే నిర్ణయించుకున్నవారికి తలుపు గడియగా ఉపయోగపడింది.

ద్వీపంలో బడులు పెరుగుతుండగా టెనెసీలో హైలాండర్ మీద దాడి మొదలైంది. 1957లో సంస్థ ఇరవై అయిదేళ్ల ఉత్సవానికి వచ్చిన కింగ్ ఫొటోను, ఆయన కమ్యూనిస్టు శిక్షణాలయంలో ఉన్నాడన్న రాతతో రహదారుల పక్కన పెద్ద బోర్డుల మీద ప్రదర్శించారు. 1959 జూలై 31 రాత్రి పోలీసులు శిబిరం మీద పడి, అనుమతి లేకుండా మద్యం ఉంచారన్న ఆరోపణతో, మద్యం ముట్టని క్లార్క్‌ను అరెస్టు చేశారు. దీపాలు ఆర్పి పోలీసులు గదులు గాలిస్తుండగా అక్కడున్న యువకులు చీకటిలో కూర్చుని పాడిన పాట 'వి షల్ ఓవర్‌కమ్'. తాము భయపడడం లేదన్న చరణం ఆ రాత్రే దానికి చేరింది. 1945–46లో చార్ల్‌స్టన్ పొగాకు కార్మికుల సమ్మెలో పాడిన ఆ పాటను హోర్టన్ భార్య జిల్ఫియా నేర్చుకొని హైలాండర్ శిబిరాలలో నేర్పారు; దాని హిందీ రూపమైన 'హమ్ హోంగే కామ్‌యాబ్'ను మన తెలుగు బడిపిల్లలు వార్షికోత్సవాలలో పాడుతూనే ఉన్నారు, అయితే దాని వెనుక ఉన్న పొగాకు కార్మికురాళ్లను ఎవరూ వారికి పరిచయం చేయరు. 1961లో కోర్టులు హైలాండర్ అనుమతిపత్రాన్ని రద్దు చేయడాన్ని ఖాయం చేశాయి, ఆస్తులను వేలం వేశారు. హోర్టన్ వేరొక పేరుతో నాక్స్‌విల్‌లో మళ్లీ మొదలుపెట్టాడు.

వేటు పడుతుందని ముందే ఊహించిన హైలాండర్, పౌరసత్వ పాఠశాలల కార్యక్రమాన్ని అదే ఏడాది కింగ్ నాయకత్వంలోని సదరన్ క్రిస్టియన్ లీడర్‌షిప్ కాన్ఫరెన్స్‌కు అప్పగించింది. జార్జియా రాష్ట్రంలో డోర్చెస్టర్ అనే చోట, ఒకప్పుడు విముక్త బానిసల పిల్లల కోసం వెలసిన పాఠశాల ఆవరణలో శిక్షణకేంద్రం ఏర్పడింది. క్లార్క్, డొరొతీ కాటన్, ఆండ్రూ యంగ్ ముగ్గురూ దానిని నడిపారు. పేరులోనే మతం ఉన్న సంస్థ చేతికి పోయాక ఈ చదువు లౌకికంగా ఎట్లా మిగిలిందన్న సందేహం సహజం. తరగతులు చాలా చోట్ల చర్చిల్లోనే జరిగాయి, ఎందుకంటే దక్షిణాదిలో నల్లజాతివారు తమవి అని చెప్పుకోగల పెద్ద గదులు అవే; కానీ చెప్పినది మతం కాదు. రాజ్యాంగం, ఓటింగ్ యంత్రం, పన్నులు, సామాజిక భద్రతా పింఛను దరఖాస్తు, ఊరి రోడ్డుకు దీపాలు కావాలంటే ఎవరికి అర్జీ పెట్టాలన్న వివరం, ఇవీ పాఠాలు. బైబిలు చదవాలన్నవారికి చదవడం నేర్పారు, ఏమి నమ్మాలో చెప్పలేదు.

ఊళ్ల నుంచి బస్సులలో వచ్చినవారికి డోర్చెస్టర్‌లో అయిదు రోజుల శిక్షణ ఇచ్చి, తమ ఊరికి తిరిగివెళ్లి తరగతి పెట్టమని పంపేవారు. ఉపాధ్యాయులను ఎంచుకోవడానికి క్లార్క్ పెట్టుకున్న కొలత తేలికైనది: గట్టిగా, తప్పులేకుండా చదవగలగాలి, నల్లబల్ల మీద స్పష్టంగా రాయగలగాలి, ఊరివారు నమ్మే మనిషి అయి ఉండాలి. రైతులు, బట్టలుతికేవారు, వంటమనుషులు, కుట్టుపనివారు గురువులయ్యారు. మిసిసిపీలో పత్తి పొలాల కూలీగా బతికిన ఫ్యానీ లూ హేమర్ కూడా ఈ శిక్షణ పొందినవారే. ఆమె 1963 జూన్‌లో చార్ల్‌స్టన్‌లో శిక్షణ ముగించుకొని తిరిగివస్తుండగా వినోనా అనే ఊరి బస్‌స్టేషన్‌లో ఆమెనూ, పౌరసత్వ పాఠశాలల కార్యకర్త ఆనెల్ పాండర్‌నూ, తోటివారినీ అరెస్టు చేసి జైలులో ఘోరంగా కొట్టారు. ఆ దెబ్బల బాధ హేమర్ శరీరాన్ని చివరిదాకా వదలలేదు. 1964లో డెమోక్రటిక్ పార్టీ మహాసభ దగ్గర ఆమె ఆ సంగతినే దేశం ముందు సాక్ష్యంగా చెప్పారు. 1965 ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టం వచ్చి, వివక్ష తీవ్రంగా ఉన్న రాష్ట్రాలలో అక్షరాస్యతా పరీక్షలను నిలిపివేసింది. దేశమంతటా వాటిని శాశ్వతంగా నిషేధించినది 1975లో.

సమానత్వం కోసం పుట్టిన ఉద్యమంలోపల సమానత్వం ఎంత ఉందన్నది వేరే ప్రశ్న. కింగ్ నాయకత్వంలోని సంస్థ కార్యనిర్వాహకవర్గంలో క్లార్క్ ఎందుకు ఉన్నారని మతబోధకులైన సభ్యులు ఆమె ఎదుటనే అడిగేవారు. స్త్రీల మాటకు విలువ ఇవ్వకపోవడం ఆ ఉద్యమపు పెద్ద లోపాలలో ఒకటని ఆమె నిర్మొహమాటంగా చెప్పారు. 1964లో నోబెల్ శాంతి బహుమతి అందుకోవడానికి కింగ్ ఓస్లో వెళ్లినప్పుడు ఆమెను వెంట తీసుకువెళ్లడం గౌరవమే, కానీ తరగతులు నడిపినవారిలో అత్యధికులు స్త్రీలై ఉండగా వేదిక మీద కనిపించినవారు దాదాపు అందరూ పురుషులే. ఈ లోపాన్ని చరిత్రకారులు సరిదిద్దడం మొదలుపెట్టి కొద్ది దశాబ్దాలే అయింది.

ఈ పద్ధతికి ఒకచోటే పుట్టిన కొత్తదనాన్ని అంటగట్టడం కూడా సరికాదు. నిరక్షరాస్యులకు 1985 దాకా ఓటులేని బ్రెజిల్‌లో పౌలో ఫ్రెయిరె 1963లో అంజికోస్ అనే ఊళ్లో దాదాపు 300 మంది శ్రామికులకు నలభై గంటలలో చదవడం నేర్పడానికి వారి పని, వారి మాటల నుంచే పాఠాలు తయారుచేశాడు. అతడూ హోర్టన్ 1987లో కలుసుకొని జరిపిన సంభాషణ గ్రంథరూపంలో వచ్చింది. తెలుగునాట 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా తరగతులలో చదివిన పాఠాల మీద జరిగిన చర్చ దూబగుంట స్త్రీలను సారా దుకాణం ముందు నిలబెట్టింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. జాన్స్ ద్వీపం సంగతి ఆ స్త్రీలకు తెలిసి ఉండనవసరం లేదు. చదువుకునేవారి బతుకులోని చిక్కును పాఠంగా చేస్తే ఆ చదువు తరగతి గది గుమ్మం దాటిపోతుందన్న అనుభవం మూడు ఖండాలలోనూ ఒక్కటే.

ఓటు అన్నిటినీ తెచ్చిపెట్టిందనుకోవడం మాత్రం పొరపాటు. అక్షరం నేర్చి, ఓటు సంపాదించిన సీ ఐలండ్స్ ప్రజలు 1970ల నుంచి మరొక కష్టం ఎదుర్కొన్నారు. జాన్స్ ద్వీపానికి ఆనుకుని ఉన్న కియావా ద్వీపం సంపన్నుల విలాసకేంద్రంగా మారింది; తీరం వెంబడి భూముల ధరలూ పన్నులూ పెరిగాయి; తాతలనాటి నుంచి వీలునామా లేకుండా ఉమ్మడిగా అనుభవిస్తూ వచ్చిన భూములకు సరైన పత్రాలు లేక, ఎన్నో గల్లా కుటుంబాలు వాటిని పోగొట్టుకున్నాయి. రాజ్యాంగం చదవగలిగినవారికి కూడా దస్తావేజుల భాష చేరువ కాలేదు. పౌరసత్వ పాఠశాలల కార్యక్రమం 1970 నాటికి ఆగిపోకుండా ఉంటే తరువాతి పాఠం బహుశా భూమి పత్రాలే అయి ఉండేది. ప్రోగ్రెసివ్ క్లబ్ 1963లో కట్టుకున్న కొత్త భవనాన్ని 1989 నాటి హ్యూగో తుఫాను పాడుచేసింది. 2007లో దానిని జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చారు.

సెప్టిమా క్లార్క్ 1970లో ఉద్యోగ విరమణ చేసి చార్ల్‌స్టన్‌కు తిరిగివెళ్లారు. 1975లో, డెబ్భై ఏడేళ్ల వయసులో, అక్కడి విద్యామండలికి ఎన్నికయ్యారు. పంతొమ్మిదేళ్ల కిందట ఆమెను బడి నుంచి వెళ్లగొట్టినది చార్ల్‌స్టన్ విద్యామండలే. ఆ తొలగింపు అన్యాయమని రాష్ట్ర గవర్నరు 1976లో ఒప్పుకొని ఆమెకు పింఛను ఇప్పించారు. 1987 డిసెంబరు 15న జాన్స్ ద్వీపంలో ఆమె మరణించారు.